పాత ఇనుము దుకాణంలో దొరికే ఆక్సిజన్ సిలిండర్ కొనొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది పరకాల దగ్గర ఊరు. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చేసి హనుమకొండలో ఒక షాపులో కొన్నేళ్లు పనిచేశాను. ఇప్పుడు పరకాలలోనే సొంతంగా షాపు పెడుతున్నాను. ట్రాక్టర్ ట్రాలీలు, కేజ్ వీల్స్, గేట్లు, కోతల సీజన్లో హార్వెస్టర్ రిపేర్లు, అంతా ఇనుము కోసే పనే. గ్యాస్ ఏజెన్సీ వాళ్లు సిలిండర్‌కి డిపాజిట్ కట్టాలి, పైన అద్దె ఇవ్వాలి అంటున్నారు. మా బావకు వరంగల్‌లో పాత ఇనుము వ్యాపారం ఉంది. ఆయన దగ్గర మూడు ఆక్సిజన్ సిలిండర్లు ఉన్నాయి, నల్ల పెయింట్ వేయించి కొత్తవాటిలా చేసి ఉద్దెరకు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? కటింగ్‌కి ఇంట్లో గ్యాస్ బండ వాడితే నడుస్తుందా? లైసెన్సు ఏమైనా కావాలా? ఆక్సిజన్ అయిపోతే బైకు మీద వేసుకుపోయి నింపించుకు రావచ్చా? వద్దంటే బావ ఏమనుకుంటాడో అని టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

తమ్ముడూ, సూటిగా చెప్తాను. ఆ మూడు సిలిండర్లు తీసుకోకు. ఉద్దెరకు ఇచ్చినా, ఊరికే ఇచ్చినా తీసుకోకు. బావ మంచి మనసుతోనే ఇస్తానన్నాడు, నీ షాపు నిలబడాలనే ఆయన కోరిక, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ సిలిండర్ లోపల ఎలా ఉందో ఆయనకు తెలియదు, నీకూ తెలియదు, పెయింట్ వేసే అబ్బాయికి అసలే తెలియదు. సిలిండర్లను పరీక్షించే చోట పనిచేసినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను, ఓపికగా చదువు.

నువ్వు వాడే పెద్ద ఆక్సిజన్ సిలిండర్‌లో నీళ్లు పోస్తే దాదాపు 47 లీటర్లు పడతాయి. ఆ 47 లీటర్ల చోటులో 7 క్యూబిక్ మీటర్లు, అంటే 7,000 లీటర్ల గ్యాస్‌ను కుక్కుతారు. లోపల ప్రెషర్ చదరపు సెంటీమీటర్‌కి 150 కిలోల దాకా ఉంటుంది. లారీ టైరులో గాలి 8 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, ఆ టైరు పేలితేనే పంక్చర్ షాపుల్లో మనుషులు పోయిన సంగతులు మనం వింటూనే ఉంటాం. దాన్నిబట్టి 150 కిలోలంటే ఏమిటో నువ్వే ఆలోచించుకో. అందుకే మన దేశంలో సిలిండర్లలో నింపిన గ్యాస్‌ను 1938 నుంచీ చట్టం పేలుడు పదార్థంగానే లెక్కిస్తోంది. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికే సిలిండర్లు వస్తాయి. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనలు. వీటిని చూసే సంస్థను అందరూ పెసో అంటారు, హెడ్డాఫీసు నాగపూర్‌లో, మనకు దగ్గరి ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది.

ఇక సిలిండర్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? వాల్వు కింద గుండ్రంగా వంగిన భాగం ఉంటుంది చూడు, దాన్ని భుజం అంటారు. అక్కడ ఇనుములోకి దిగేలా అక్షరాలు, అంకెలు కొట్టి ఉంటాయి, షాపుల్లో మనం పంచింగ్ అంటామే, అదే. తయారుచేసిన కంపెనీ గుర్తు, సిలిండర్ సొంతదారు గుర్తు, వరుస నంబరు, ఏ ప్రమాణం ప్రకారం చేశారో ఆ నంబరు (ఆక్సిజన్ లాంటి అతుకుల్లేని స్టీలు సిలిండర్లకు ఎక్కువగా ఐఎస్ 7285 అని కనిపిస్తుంది), ఏ గ్యాస్ కోసం చేశారో దాని పేరో గుర్తో, ఖాళీ బరువు, నీళ్లు ఎన్ని లీటర్లు పడతాయో ఆ లెక్క, పనిచేసే ప్రెషర్, పరీక్ష ప్రెషర్, చివరిసారి పరీక్ష చేసిన నెల, సంవత్సరం, ఇవన్నీ అక్కడే ఉండాలి. వీటిలో ఆఖరిది నీకు అన్నిటికంటే ముఖ్యం. ఆక్సిజన్ సిలిండర్‌ను 5 ఏళ్లకోసారి నీటి ప్రెషర్ పరీక్షకు పెట్టాలి. ఆ తేదీ దాటిపోయిన సిలిండర్‌ను ఏ ప్లాంటూ నింపకూడదు. ఎవరైనా నింపి ఇస్తున్నాడంటే వాడి దగ్గర నువ్వు కొననే కూడదు.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో చెప్తాను, అప్పుడు పెయింట్‌కి ఎంత విలువ ఇవ్వాలో నీకే అర్థమవుతుంది. ముందు సిలిండర్‌లోని గ్యాస్ మొత్తం జాగ్రత్తగా వదిలేసి, వాల్వు విప్పి, సన్నని లైటు లోపలికి దించి చూస్తారు. అడుగున తుప్పు పొడి పేరుకుందా, గోడకు గుంటలు పడ్డాయా, ఎక్కడైనా చీలిక ఉందా అని. పక్కకు పడేసి ఉంచిన సిలిండర్‌లో నీటి చెమ్మ ఒకే వైపు నిలిచి, ఆ వైపే పొడుగ్గా గీత గీసినట్టు తుప్పు పట్టి ఉంటుంది, బయటి నుంచి చూస్తే నున్నగా మెరుస్తుంటుంది. తర్వాత తూకం. భుజం మీద 55 కిలోలు అని ఉంటే, ఇప్పుడు తూస్తే అంతే రావాలి. 5 శాతం కంటే ఎక్కువ తగ్గిందంటే, అంటే పోయింది రెండుముప్పావు కిలోలు దాటిందంటే, ఆ ఇనుమంతా తుప్పుగా రాలిపోయినట్టు, గోడ పలచబడినట్టు. ఇక దాన్ని వాడటానికి వీల్లేదు.

దీని తర్వాత అసలు పరీక్ష. సిలిండర్ నిండా నీళ్లు నింపి, నీళ్లున్న ఇంకో పెద్ద తొట్టిలో దించి మూత బిగిస్తారు. లోపలి నీటికి ప్రెషర్ ఎక్కిస్తారు, 150 కిలోల సిలిండర్‌కైతే 250 కిలోల దాకా. స్టీలు కంటికి కనపడనంత ఉబ్బుతుంది, ఉబ్బిన మేరకు బయటి తొట్టిలోని నీళ్లు పక్కనున్న గాజు గొట్టంలోకి ఎక్కుతాయి. నీళ్లు గీత గీతగా పైకి పోతుంటే అక్కడున్నవాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. ప్రెషర్ వదిలేశాక ఆ నీళ్లు మళ్లీ కిందికి దిగాలి. మంచి స్టీలైతే మొదట ఉన్న చోటికే, లేదా దానికి చాలా దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఉబ్బినదాంట్లో పదో వంతు కంటే ఎక్కువ అలాగే ఉండిపోయిందంటే ఆ సిలిండర్ ప్రాణం అయిపోయినట్టే. నీళ్లతో ఎందుకు చేస్తారంటే, నీరు గాలిలా నొక్కుకుపోదు, పరీక్షలో సిలిండర్ చీలినా నీళ్లు కారి ఆగిపోతాయి. అదే సిలిండర్ నీ షాపులో గ్యాస్‌తో చీలితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

ఇప్పుడు ఈ మాట జాగ్రత్తగా విను. పరీక్షలో ఫెయిలైన సిలిండర్‌ను పరీక్ష చేసినచోటే పూర్తిగా చదును చేసేయాలి, లేదా మళ్లీ అతికించడానికి వీల్లేకుండా ముక్కలుగా కోసేయాలి అని నిబంధన ఉంది. అంటే పాత ఇనుము దుకాణానికి సిలిండర్ వస్తే ముక్కలుగానే రావాలి. మరి మీ బావ దగ్గర మూడూ నిలువునా, వాల్వులతో సహా ఎలా ఉన్నాయి? నాకు రెండే దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, అవి ఏదో గ్యాస్ కంపెనీవి. ఎవరో అద్దెకు తీసుకుని, షాపు మూసేసి, తిరిగి ఇవ్వకుండా తూకానికి అమ్మేశారు. అలాగైతే భుజం మీద ఆ కంపెనీ గుర్తు ఉంటుంది, అవి నీ దగ్గర దొరికితే దొంగసొత్తు కింద నీ మెడకు చుట్టుకుంటుంది. రెండోది, పనికిరావని పక్కన పెట్టినవాటిని కోయకుండా ఎవరో బయటికి పంపేశారు. మొదటిది కేసు, రెండోది ప్రాణం. రెండూ కాదు, మంచి సిలిండర్లే అనుకున్నా, పాత ఇనుము కుప్పలో అవి ఏమేం చూశాయో ఎవరు చెప్తారు? పక్కనే గ్యాస్ కటింగ్ జరిగి మంట తగిలిందేమో, ఎవరైనా దాని మీదే ఎర్త్ క్లాంపు పెట్టి వెల్డింగ్ చేశారేమో. ఈ సిలిండర్ స్టీలును ప్రత్యేకంగా కాల్చి, చల్లార్చి, గట్టిపరిచి తయారుచేస్తారు. ఒక్కచోట ఆర్క్ తగిలినా అక్కడ ఆ గుణం చెడిపోయి పెళుసుబారుతుంది. నువ్వు వెల్డర్‌వి, నీకు ఇది నాకంటే బాగా తెలియాలి. అతుకుల్లేని సిలిండర్ ఒంటికి వెల్డింగ్ పెట్టి రిపేరు చేయడమన్నది అసలు లేనే లేదు.

పెయింట్ సంగతి కూడా చెప్తాను. తుప్పు గుంటల్లో పుట్టీ నింపి, పైన రెండు కోట్లు కొడితే ఎలాంటి సిలిండరైనా పెళ్లికొడుకులా తయారవుతుంది. పంచింగ్ అంకెలు సగం పూడుకుపోతాయి కూడా, కొందరికి కావాల్సింది అదే. ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. రంగు అనేది లోపల ఏ గ్యాస్ ఉందో చెప్పే గుర్తు. పరిశ్రమల ఆక్సిజన్‌కి నలుపు, ఆస్పత్రి ఆక్సిజన్‌కి నలుపు మీద భుజం తెలుపు, కటింగ్, వెల్డింగ్ మంటకు వాడే ఎసిటిలిన్‌కి మెరూన్, హైడ్రోజన్‌కి ఎరుపు, ఇలా ప్రమాణాల్లో రాసిపెట్టి ఉంది. ఎర్రగా ఉన్న హైడ్రోజన్ సిలిండర్‌కి ఎవరో నల్లరంగు కొట్టేస్తే, అడుగున కాస్త హైడ్రోజన్ మిగిలి ఉండగా దాంట్లోకి ఆక్సిజన్ నింపితే, అది సిలిండర్ కాదు, బాంబు. ఒక గ్యాస్ సిలిండర్‌ను ఇంకో గ్యాస్‌కి మార్చడానికి పెసో అనుమతి ఉండాలి. 2021లో కరోనా రెండో వేవ్‌లో ఆక్సిజన్ కోసం దేశమంతా అల్లాడిన రోజులు గుర్తున్నాయి కదా, అప్పుడు నైట్రోజన్, ఆర్గాన్ ట్యాంకర్లను ఆక్సిజన్‌కి మార్చారు. అంత అత్యవసరంలో కూడా శుభ్రం చేసే పద్ధతి, అనుమతి అన్నీ పాటించే మార్చారు. మనమేమో ఒక పెయింట్ డబ్బా, ఒక బ్రష్షుతో మార్చేద్దామనుకుంటున్నాం.

ఈ పాత సిలిండర్లు ఇంకెక్కడ తేలతాయో తెలుసా? మన జాతరల్లో. మేడారం పోయినా, ఐనవోలు పోయినా, కొమురవెల్లి పోయినా బుగ్గలు అమ్మేవాళ్ల పక్కన తుప్పుపట్టిన సిలిండర్ ఒకటి కనిపిస్తుంటుంది. దాంట్లో కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు, నీళ్లు వేసి మూత బిగిస్తే హైడ్రోజన్ పుడుతుంది, దాన్నే బుగ్గల్లో నింపుతారు. ఆ రసాయన చర్య జోరుగా వేడెక్కుతుంది, ప్రెషర్ ఎంత ఎక్కిందో చూపే మీటరు ఉండదు, ఎక్కువైతే వదిలే ఏర్పాటూ ఉండదు, చుట్టూ మాత్రం పిల్లలు గుమిగూడి ఉంటారు. ఆ అమ్మేవాడు కూడా పొట్టకూటి కోసం వచ్చినవాడే, మొదట పోయేది అతనే. అందుకే అడుగుతున్నాను, పాత సిలిండర్ ఒక్కటి నిలువునా బయటికి పోయినా అది ఎవరి చేతికి చేరుతుందో మనకు తెలియదు. జాతరకు పోతే మీ పిల్లల్ని ఆ సిలిండర్ దగ్గర నిలబడనీయకు.

సరే, నీ షాపు సంగతికి వద్దాం. అద్దె, డిపాజిట్ భారంగా అనిపించడం సహజం, షాపు కొత్తది, ఆర్డర్లు ఎప్పుడొస్తాయో తెలియదు. కానీ అద్దె సిలిండర్‌లో నువ్వు కట్టే డబ్బుకు ఏం వస్తుందో చూడు. పరీక్ష చేయించే బాధ్యత వాళ్లది, వాల్వు పాడైతే మార్చేది వాళ్లు, పనికిరాని సిలిండర్‌ను పక్కన పెట్టేదీ వాళ్లే. నీకు ఎప్పుడూ తేదీ ఉన్న సిలిండరే రావాలి, రాకపోతే వెనక్కి పంపే హక్కు నీది. సొంతం కావాలనే పట్టుదల ఉంటే, పని పెరిగాక, కాగితాలతో కొత్తదే కొను. తయారీ, పరీక్ష సర్టిఫికెట్, ఐఎస్ఐ గుర్తు, పెసో ఆమోదం ఉన్నదై ఉండాలి, ఆ తర్వాత 5 ఏళ్లకోసారి పరీక్ష ఖర్చు నీదే. విదేశీ సిలిండర్ అని ఎవరైనా అంటే, దాని మీద యూరప్ వాళ్ల ఆమోద ముద్ర, అంటే π (గ్రీకు అక్షరం 'పై') గుర్తు ఉన్నా సరే, మన పెసో ఆమోదం లేకుండా ఇక్కడ నడవదు.

ప్రతి సిలిండర్ దింపుకునేటప్పుడు మాత్రం నువ్వే చూసుకోవాలి. ఆటోవాడు తొందరపెడతాడు, పెట్టనీ. భుజం మీద చేత్తో తుడిచి తేదీ చదువు, వాల్వు మీద క్యాప్ ఉందా చూడు, ఒంటిమీద నొక్కులు, కోత గాట్లు, కాలిన మచ్చలు ఉన్నాయా చూడు. ఏది తేడాగా ఉన్నా దింపుకోకు.

ఇంట్లో గ్యాస్ బండ గురించి అడిగావు. ఆ ఎర్ర 14.2 కిలోల బండ వంటకు మాత్రమే. వ్యాపారానికి వాడటం నేరం, పట్టుకుంటే బండ పోతుంది, కేసు పడుతుంది. కటింగ్‌కి ఎల్పీజీ వాడొచ్చు, చాలా షాపుల్లో అదే వాడతారు, కానీ నీ షాపు పేరుమీద 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకో. ఇంటి స్టవ్ రెగ్యులేటర్ కటింగ్‌కి పనికిరాదు, దానికి వేరే రెగ్యులేటర్ ఉంటుంది. ఎల్పీజీ సిలిండర్‌కి పరీక్ష తేదీ పైన పట్టుకునే రింగు కింద నిలువు పట్టీ లోపలి వైపు రాసి ఉంటుంది, ఎ, బి, సి, డి అని ఒక అక్షరం, పక్కన సంవత్సరం. ఎ అంటే మార్చి లోపు, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబర్, డి అంటే డిసెంబర్. 'బి 28' అని ఉంటే 2028 జూన్ దాకా. ఈ చదవడం ఇంట్లో అమ్మకూ, వదినకూ కూడా నేర్పు, బండ తెచ్చిన అబ్బాయి ముందే చదవాలి. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే కిందికి దిగి గుంటల్లో నిలుస్తుంది. నీ షాపులో బండ్ల కింద పనిచేసే పిట్ ఉంటే సిలిండర్ దానికి దూరంగా ఉండాలి.

నీ దగ్గర లేనివి రెండు కొనమంటాను, మంటతో ఇనుము కోసే కటింగ్ టార్చి కంటే ముందు. ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు, అంటే మంట వెనక్కి రాకుండా ఆపేవి, ఆక్సిజన్ వైపు ఒకటి, గ్యాస్ వైపు ఒకటి. నాజిల్ మూసుకుపోయినప్పుడు ఆక్సిజన్ ఎదురుతన్ని గ్యాస్ పైపులోకి పోతుంది, మంట వెనక్కి పరుగెత్తి పైపు వెంట రెగ్యులేటర్ దాకా వస్తుంది. పైపు పగిలిన చప్పుడును షాపుల్లో పట్‌మందిలే అని నవ్వేస్తారు, ఆ మంట ఇంకొక్క అడుగు ముందుకొచ్చి ఉంటే నవ్వేవాళ్లు మిగలరు. వీటి ధర నీ అద్దె డబ్బుల ముందు పెద్దది కాదు, దయచేసి కొను.

ఆక్సిజన్ వాల్వుకు, రెగ్యులేటర్‌కు నూనె తగలనివ్వకు. ట్రాక్టర్ పని చేస్తూ గ్రీజు చేతులతో వచ్చి వాల్వు తిప్పడం మన దగ్గర మామూలు. వాల్వు గట్టిగా ఉందని రెండు చుక్కలు ఆయిల్ వేసేవాళ్లనూ చూశాను. ఇంత ప్రెషర్‌లోని ఆక్సిజన్ తగిలితే గ్రీజు దానంతటదే అంటుకుంటుంది, నిప్పు అవసరం లేదు. వాల్వును ఎప్పుడూ మెల్లగా తిప్పు. ఒక్కసారిగా తెరిస్తే గ్యాస్ రెగ్యులేటర్‌లోకి దూసుకుపోయి అక్కడ నొక్కుకుని విపరీతంగా వేడెక్కుతుంది, లోపల ఇంత దుమ్ము, జిడ్డు ఉన్నా మండుతుంది. రెగ్యులేటర్ ముఖానికి ఎదురుగా నిలబడకు, పక్కకు జరిగి తెరువు. సిలిండర్‌ను పూర్తిగా ఖాళీ చేయకు, కాస్త ప్రెషర్ ఉండగానే వాల్వు మూసి, క్యాప్ పెట్టి, ఖాళీ అని చాక్‌పీసుతో రాసి విడిగా పెట్టు. పూర్తిగా ఖాళీ అయితే బయటి గాలి, చెమ్మ లోపలికి పోతాయి, నేను పైన చెప్పిన తుప్పు అక్కణ్నుంచే మొదలవుతుంది.

ఎసిటిలిన్ వాడాల్సి వస్తే ఒకటే గుర్తుపెట్టుకో, దాన్ని ఎప్పుడూ పడుకోబెట్టకు. ఆ సిలిండర్ లోపల సున్నపు రాయిలా గుల్లగా ఉండే పదార్థం, దాంట్లో ఎసిటోన్, ఆ ఎసిటోన్‌లో గ్యాస్ కరిగి ఉంటుంది. పడుకోబెట్టి వాడితే ఎసిటోన్ బయటికి వస్తుంది. పైపులో దాని ప్రెషర్ ఒక కిలో దాటించకు, దాటితే ఆక్సిజన్ లేకుండానే దానంతటదే పేలగలదు. కార్బైడ్ డబ్బాతో గ్యాస్ చేసుకునే పాత పద్ధతిని ఎవరు చవకని చెప్పినా వినకు.

ఎండ గురించి మన దగ్గర భయం ఎక్కువ, మే నెలలో 45 డిగ్రీలకు సిలిండర్ పేలుతుందని. మంచి సిలిండర్ అంత వేడికి పేలదు. 65 డిగ్రీల దాకా వేడెక్కితే ఎంత ప్రెషర్ వస్తుందో లెక్కలోకి తీసుకునే దాన్ని తయారుచేస్తారు. కానీ గోడ పలచబడిన సిలిండర్‌కి ఆ లెక్కలేవీ వర్తించవు. అందుకని నీడలో, గాలి ఆడేచోట, నిలువుగా, గోడకు గొలుసు కట్టి పెట్టు. ఆక్సిజన్, గ్యాస్ సిలిండర్లు నిల్వ ఉంచినవి వేరువేరుగా ఉండాలి.

బైకు మీద తేవడం కుదరదు. సైకిలైనా, మోటార్‌సైకిలైనా రెండు చక్రాల బండి మీద నిండు సిలిండర్ తీసుకుపోకూడదని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. వెనక కూర్చున్నవాడు ఒడిలో పెట్టుకుని పట్టుకోవడం రోడ్డు మీద చూస్తూనే ఉంటాం, స్పీడ్ బ్రేకర్ దగ్గర జారి వాల్వు మెడ విరిగితే ఆ 55 కిలోల ఇనుము ఎటు దూసుకుపోతుందో ఎవరూ ఆపలేరు. ట్రాలీ ఆటోలోనే తెప్పించు, అందులో కూడా సిలిండర్ బండి బయటికి పొడుచుకు రాకూడదు, దొర్లకుండా కట్టాలి, క్యాపులు ఉండాలి, మండే గ్యాస్ సిలిండర్లను వేరే గ్యాస్ సిలిండర్లతో కలిపి వేయకూడదు. దింపేటప్పుడు పాత టైరు మీద ఎత్తేయడం ఆపించు. 18 ఏళ్లు నిండని పిల్లలతో సిలిండర్ పని చేయించడం, తాగి ఉన్నవాణ్ణి పెట్టడం కూడా నిషేధమే, షాపులో పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లల విషయంలో దీన్ని మరిచిపోకు.

లైసెన్సు విషయంలో నీకు భయం వద్దు. ఎల్పీజీ మొత్తం 100 కిలోలు దాటనంతవరకు, ఎసిటిలిన్ 50 సిలిండర్లు, ఆక్సిజన్ లాంటి మండని, విషం కాని గ్యాస్ 200 సిలిండర్లు దాటనంతవరకు నిల్వకు పెసో లైసెన్సు అక్కర్లేదు. నీ షాపు ఆ లెక్కకు దరిదాపుల్లో కూడా ఉండదు. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు మాత్రం తీసుకో. సిలిండర్‌ను నింపడానికైతే ఒక్కదానికైనా లైసెన్సు ఉండాల్సిందే, పెద్ద దాంట్లోంచి చిన్న దాంట్లోకి పైపు పెట్టి ఎక్కించడం కూడా నింపడమే.

ఇక బావ. ఆయనకు నీ కంటే ముందు ప్రమాదం ఉంది, ఈ మాట ఆయనకు చెప్పు, కోపం రాదు. కొననని చెప్పి ఊరుకుంటే రేపో ఎల్లుండో ఆయన కూలీ ఒకరు వాటిని తూకానికి ముక్కలు చేద్దామని టార్చి పెడతాడు. లోపల గ్యాస్ ఉందో, ఏ గ్యాస్ ఉందో తెలియని సిలిండర్‌కి టార్చి పెట్టడం, వాల్వును సుత్తితో కొట్టి ఊడదీయడం, పాత ఇనుము దుకాణాల్లో మనుషులు ఇలాగే పోతారు. కాబట్టి ఈ ఆదివారం నువ్వే వరంగల్ పో. పెయింట్ పని ఆపించు. మూడింటినీ నీడలోకి మార్చి నిలబెట్టి తాడుతో కట్టించు, వాల్వులు ఎవరినీ ముట్టుకోనీయకు. భుజాల మీది పంచింగ్ ఫోటోలు తీసి, సొంతదారు గుర్తు కనిపిస్తే ఆ కంపెనీకి ఫోన్ చేయండి, బావే చేస్తే ఇంకా మంచిది, తనకు ఎవరు అమ్మారో కూడా చెప్పేస్తే ఆయన మీదికి మాట రాదు. గుర్తు చెరిగిపోయి ఉంటే నీకు గ్యాస్ ఇచ్చే ఏజెన్సీ ద్వారా వాళ్ల ఫిల్లింగ్ ప్లాంటును అడుగు, అనుమతి ఉన్న టెస్టింగ్ స్టేషన్ ఎక్కడుందో వాళ్లు చెప్తారు, అక్కడ గ్యాస్ వదిలి, చూసి, పనికిరాకపోతే కోసి ముక్కలు ఇస్తారు. అప్పుడు ఆ ముక్కలను బావ నిశ్చింతగా తూకానికి అమ్ముకోవచ్చు. పోయేటప్పుడు ఒక చేతి వైర్ బ్రష్ తీసుకుపో, అంకెలు కనపడటానికి అది చాలు, గ్రైండర్ మాత్రం పెట్టకు.